సీజన్ వాళ్ళది, టార్గెట్ మనది

2025 జూన్‌లో ఇటలీలోని మిలాన్ నగరంలో ప్రాడా కంపెనీ మగవాళ్ళ దుస్తుల ప్రదర్శన జరిగింది. రన్‌వే మీద నడిచిన మోడళ్ళ కాళ్ళకున్న చెప్పులు చూసి మన దేశంలో చాలామంది నివ్వెరపోయారు. అవి అచ్చం కొల్హాపురి చెప్పులు. మహారాష్ట్రలో నాలుగు జిల్లాలకు, కర్ణాటకలో నాలుగు జిల్లాలకు చెందిన చేతిపనిగా 2019లో భౌగోళిక గుర్తింపు పొందిన చెప్పులు. కంపెనీ మాత్రం వాటిని తోలు శాండల్స్ అని చెప్పి ఊరుకుంది. కొల్హాపూర్ పేరు లేదు, భారతదేశం పేరు లేదు. వాటిని కుట్టే మనుషుల ఊసు అసలే లేదు.

గొడవ జరిగింది. పత్రికలు రాశాయి. ఆ చెప్పులకు మూలం భారతీయ చేతిపనేనని కంపెనీ ఒప్పుకుంది. అదే ఏడాది డిసెంబరులో మహారాష్ట్ర, కర్ణాటక ప్రభుత్వాల తోలు పరిశ్రమ సంస్థలతో ఒప్పందం చేసుకుంది. రెండు వేల జతలు ఇక్కడి పనివాళ్ళ చేత చేయించి, జత సుమారు 800 యూరోలకు, అంటే మన డబ్బులో ఎనభై వేల రూపాయల పైమాటకు అమ్ముతామని చెప్పింది.

మన చెప్పులకు ఎంత గౌరవం దక్కిందో అని సంతోషించినవాళ్ళున్నారు. కాని ఆ చెప్పులు తరతరాలుగా చేస్తున్నది దళిత చర్మకార కుటుంబాలు. తోలు పాయలు అల్లడం, కుట్టడం వంటి పనుల్లో ఆ ఇళ్ళ ఆడవాళ్ళ శ్రమ ఎంతో ఉంది. మన తెలుగు పల్లెల్లోనూ చెప్పులు కుట్టిన మాదిగవాడు ఆ చెప్పులు తొడుక్కుని పెద్దకులాల వీధిలో నడవడానికి వీల్లేని రోజులు మరీ పాతవేమీ కావు. చెప్పులు చేత్తో పట్టుకుని ఆ వీధి దాటి, ఊరి బయట తొడుక్కునేవాళ్ళు. కుట్టిన చేతులకు మర్యాద లేదు, కుట్టినవాళ్ళ కాళ్ళకు తొడుక్కునే హక్కు లేదు. అదే చెప్పు మిలాన్ వెళ్ళి వచ్చేసరికి ఎనభై వేలయింది. ఈ ప్రయాణంలో ఎవరికి ఏం దక్కింది అన్న ప్రశ్నతోనే ఈ సంపాదకీయం మొదలుపెడుతున్నాం.

ఆకలి, హింస, భూమి, ఆరోగ్యం వంటి సమస్యలు ఇన్ని ఉండగా ఫ్యాషన్ గురించి రాయడమేమిటని కొందరు మిత్రులకు అనిపించవచ్చు. స్త్రీల ఉద్యమంలో ఫ్యాషన్ మాట వచ్చినప్పుడల్లా మనం ఇబ్బంది పడుతూనే ఉన్నాం. అందాల పోటీలను, ఆడవాళ్ళ శరీరాన్ని సరుకు చేసే ప్రకటనలను వ్యతిరేకించాం. ఆ వ్యతిరేకత సరైనదే. అదే సమయంలో స్త్రీలు ఏం కట్టుకోవాలో చెప్పే పెద్దమనుషులతో కూడా పోట్లాడాం. పంజాబీ డ్రెస్ వేసుకుని బడికి వెళ్ళినందుకు మాటలు పడ్డ టీచర్లు మనలో ఉన్నారు. జీన్స్ వేసుకుంటే అత్యాచారాలు జరుగుతాయని మైకుల ముందు మాట్లాడినవాళ్ళకు సమాధానం చెప్పిన చరిత్ర మనది. కాబట్టి ఆడపిల్లలు ఫ్యాషన్ పిచ్చిలో పడిపోతున్నారని నెత్తి కొట్టుకునే గుంపులో చేరడానికి ఇది రాయడం లేదు. చీర కుచ్చిళ్ళు పట్టుకుని బస్సు వెంట పరుగెత్తినవాళ్ళకు, కాళ్ళకు బూట్లు తొడుక్కుని నడవడంలో ఎంత స్వేచ్ఛ ఉందో తెలుసు.

మనం అడగవలసింది మరొకటి. ఈ బట్ట, ఈ బూటు ఇప్పుడే, ఇంత త్వరగా, ఇంత చౌకగా మన ఊరి అంగడికి ఎలా వచ్చింది? ఆ త్వరకు, ఆ చౌకకు మూల్యం ఎవరు చెల్లిస్తున్నారు?

కొత్త దుస్తులను మనుషులకు తొడిగి, నడిపించి, డబ్బున్నవాళ్ళకు చూపించి అమ్మడం పారిస్‌లో పంతొమ్మిదో శతాబ్దంలో మొదలైంది. 1858లో అక్కడ దుకాణం తెరిచిన చార్లెస్ ఫ్రెడరిక్ వర్త్ అనే ఇంగ్లీషు దర్జీని ఈ పద్ధతికి ఆద్యుడంటారు. అంతకు ముందు కట్టుకునేవాళ్ళు చెబితే దర్జీ కుట్టేవాడు. ఆ తరువాత దర్జీ చెబితే కట్టుకునేవాళ్ళు కొనడం మొదలైంది. ఈ సంవత్సరం పావడా ఎంత పొడుగుండాలో, నడుము ఎక్కడ బిగించాలో నిర్ణయించే అధికారం కొద్దిమంది చేతికి వచ్చింది. 1947లో క్రిస్టియన్ డియోర్ చూపించిన గుత్తమైన నడుము, గజాల కొద్దీ బట్ట పట్టే వెడల్పాటి పావడా కొద్ది కాలంలోనే అనేక దేశాల్లో నకళ్ళుగా వెలిశాయి. యుద్ధకాలంలో ఫ్యాక్టరీల్లో పనిచేసిన స్త్రీలను మళ్ళీ సుకుమారమైన బొమ్మలుగా మార్చే ప్రయత్నమని అప్పుడే కొందరు స్త్రీలు దాన్ని నిరసించారు కూడా.

అయితే ఫ్యాషన్ ఎప్పుడూ పైనుంచి కిందికే రాదు. కింది నుంచి ఎత్తుకెళ్ళి, పేరు మార్చి, ధర పెంచి మళ్ళీ కిందికి అమ్మడం కూడా అందులో ఉంది. చిరగకుండా జేబుల దగ్గర రాగి మేకులు కొట్టిన జీన్స్ ప్యాంటుకు 1873లో అమెరికాలో పేటెంటు తీసుకున్నది కష్టజీవుల కోసం. స్నీకర్ల కథ కూడా అటువంటిదే. ఆటస్థలంలో తొడుక్కునే రబ్బరు అడుగు కేన్వాస్ బూట్లను వీధిలోకి తెచ్చి, వాటికో గౌరవం తెచ్చింది అమెరికా నగరాల్లోని నల్లజాతి యువతరం. 1986లో న్యూయార్క్‌కు చెందిన రన్ డి.ఎం.సి. బృందం తాము తొడిగే ఆడిడాస్ బూట్ల మీదనే పాట కట్టింది. జనం ఊగిపోయారు. ఆ ఊపు చూశాకే కంపెనీ వచ్చి వాళ్ళతో ఒప్పందం చేసుకుంది.

ఆ బూటు రన్‌వే ఎక్కడానికి ఇంకొంత కాలం పట్టింది. 2014 జనవరిలో పారిస్‌లో షనెల్ కంపెనీ తన అత్యంత ఖరీదైన చేతికుట్టు గౌన్ల కింద మోడళ్ళకు స్నీకర్లు తొడిగి నడిపించింది. 2017లో బలెన్సియాగా కంపెనీ మూడు నాలుగు అడుగులు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టున్న లావుపాటి బూటు తెచ్చింది. చూడటానికి మోటుగా ఉందని నవ్వినవాళ్ళే తరువాత కొన్నారు. వందల యూరోల బూటు అది. మొదట ఇటలీలో తయారు చేయించి, మరుసటి ఏడు తయారీని చైనాకు మార్చారు. ధర మాత్రం తగ్గలేదు. ఆ తరువాత అటువంటి లావు అడుగు బూట్లు ప్రపంచంలో ప్రతి కంపెనీ చేసింది. మన దగ్గర కోఠి సుల్తాన్‌బజార్‌లో, విజయవాడ బీసెంట్ రోడ్డులో, విశాఖ జగదాంబ సెంటర్‌లో కొన్ని వందల రూపాయలకే అటువంటి బూట్లు వేలాడాయి. వాటిని వేసుకున్న ఇంటర్మీడియట్ పిల్లకు బలెన్సియాగా పేరు తెలియదు. తెలియనక్కరలేదు. రన్‌వే ప్రభావం అలాగే పనిచేస్తుంది. ఎక్కడో ఎవరో నిర్ణయించింది మన ఇష్టం రూపంలో మన దగ్గరకు వస్తుంది.

వెనక ఈ ప్రయాణానికి ఏళ్ళు పట్టేది. పారిస్‌లో ఎండాకాలానికి చూపించింది మధ్యతరగతి అంగడికి వచ్చేసరికి రెండు మూడేళ్ళయ్యేది. ఇప్పుడు వారాలు. 1975లో స్పెయిన్‌లో మొదటి దుకాణం తెరిచిన జారా కంపెనీ, గీసిన బొమ్మ రెండు మూడు వారాల్లో దుకాణంలో బట్టగా వేలాడేలా ఏర్పాట్లు చేసుకుని ప్రపంచమంతా విస్తరించింది. 2010లో మన దేశానికీ వచ్చింది. చైనాలో మొదలైన షీయిన్ కంపెనీ రోజుకు వేల కొత్త నమూనాలు చూపిస్తూ దానిని కూడా మించిపోయింది. 2020లో మన ప్రభుత్వం నిషేధించిన ఆ కంపెనీ 2025లో రిలయన్స్ వారి ద్వారా మళ్ళీ వచ్చింది. ఏడాదికి రెండు సీజన్లనే మాటకు అర్థం పోయింది. ప్రతి వారం కొత్త సీజనే.

ఈ వేగం గురించి వ్యాపార పత్రికలు ఎంతో మెచ్చుకుంటూ రాస్తాయి. కంప్యూటర్ల గురించి, విమానాల గురించి రాస్తాయి. కాని బట్ట కుట్టేది ఇప్పటికీ మనిషే. మెత్తని గుడ్డను రెండు చేతులతో సర్ది, సూది కిందికి నడిపించే పనిని పూర్తిగా యంత్రానికి అప్పగించడం ఈనాటికీ సాధ్యం కాలేదు. కుట్టు మెషిను ముందు కూర్చునేది ఎక్కువగా ఆడపిల్లే. అంటే వేగం ఎంత పెరిగిందో అంతా ఆమె చేతుల్లోంచి, నడుములోంచి, మూత్రాశయంలోంచి పిండుకున్నదే.

ఆ మధ్య ఒక సమావేశానికి బట్టల ఫ్యాక్టరీలో టైలర్‌గా పనిచేసే అమ్మాయి వచ్చింది. ఊరు పేరు, ఫ్యాక్టరీ పేరు ఇక్కడ రాయడం లేదు. రాస్తే ఉద్యోగం పోయేది ఆమెకే. పనిలో అన్నిటికన్నా కష్టమేది అని అడిగాం. జీతం అంటుందని, బస్సు అంటుందని అనుకున్నాం. "స్టైల్ మారడం అక్కా" అంది.

అందరం కొంచెంసేపు మాట్లాడలేదు. ఆమే వివరించింది. "ఒకే చొక్కా నెలరోజులు కుడితే చెయ్యి తిరుగుతుంది. గంటకు ఇన్ని అంటే లెక్కకు అందుతాం. కొత్త స్టైల్ వచ్చిన రెండు మూడు రోజులూ చెయ్యి తిరగదు. కాలర్ వేరు, జేబు వేరు, గుడ్డ జారిపోతుంటుంది. టార్గెట్ మాత్రం చెయ్యి తిరిగినవాళ్ళకు పెట్టినట్టే పెడతారు. అందకపోతే అందరి ముందూ తిడతారు. నీళ్ళు తాగితే బాత్రూంకి వెళ్ళాలి, వెళ్తే నా దగ్గర పీసులు ఆగుతాయి, లైనంతా ఆగుతుంది. అందుకని ఆ రోజుల్లో నీళ్ళు తాగం. చెయ్యి తిరిగేసరికి ఆ స్టైల్ అయిపోతుంది. మళ్ళీ కొత్తది." ఇంతకు ముందు నెలకో స్టైల్ వచ్చేదట. ఇప్పుడు వారానికొకటి వస్తోందట.

ఫ్యాషన్ వేగం గురించి మనం చదివిన వ్యాసాలన్నిటికంటే ఎక్కువ విషయం ఈ నాలుగు మాటల్లో ఉంది. మిలాన్‌లో ఒక డిజైనర్ చెయ్యి మారిస్తే ఇక్కడ ఒక లైనులో నలభై మంది చేతులు మళ్ళీ మొదటినుంచి నేర్చుకోవాలి. ఆ నేర్చుకునే సమయానికి కూలి లేదు. ఆ ఖర్చు కంపెనీ లెక్కల్లో ఎక్కడా కనిపించదు. ఆమె తాగని నీళ్ళలో, ఆమెకు తరచూ వచ్చే మూత్రకోశ వ్యాధుల్లో, నడుము నొప్పిలో అది జమపడుతుంది.

బూట్ల తయారీలో మరో ప్రమాదం ఉంది, జిగురు. బూటు పైభాగాన్ని అడుగుకు అతికించే జిగుర్లలో టోలీన్ వంటి రసాయనాలుంటాయి. 1997 నవంబరులో వియత్నాంలో నైకీ బూట్లు చేసే ఒక ఫ్యాక్టరీ గురించి ఆ కంపెనీ తానే చేయించుకున్న తనిఖీ నివేదిక బయటికి పొక్కింది. కొన్ని విభాగాల్లో హానికర రసాయనాలు ఆ దేశపు పరిమితికి 177 రెట్లు ఉన్నాయనీ, కార్మికుల్లో నూటికి 77 మందికి ఊపిరితిత్తుల బాధలున్నాయనీ అందులో ఉంది. అక్కడ పనిచేసేవాళ్ళలో ఎక్కువమంది ఇరవై అయిదేళ్ళలోపు ఆడపిల్లలు. కార్మిక సంఘాలు, విద్యార్థులు, స్త్రీల సంస్థలు అనేక దేశాల్లో ఆందోళన చేశాకే 1998లో ఆ కంపెనీ అధిపతి తమ బూట్లు బానిస కూలికి, బలవంతపు ఓవర్‌టైంకు మారుపేరైపోయాయని బహిరంగంగా ఒప్పుకున్నాడు. నీళ్ళు కలిపే జిగుర్లకు మారతామని, గాలిలోని రసాయనాలకు అమెరికా ప్రమాణాలు పాటిస్తామని మాట ఇచ్చాడు. అడగనిదే అమ్మయినా పెట్టదంటారు. కంపెనీలు అడిగినా పెట్టవు, పట్టుబడితే కొంత పెడతాయి.

ఇదంతా ఎక్కడో వియత్నాం కథ అనుకోవడానికి వీల్లేదు. అప్పటి నెల్లూరు జిల్లా, 2022 నుంచి తిరుపతి జిల్లాలో ఉన్న తడ దగ్గర ప్రత్యేక ఆర్థిక మండలిలో వేలాది ఆడపిల్లలు ఆడిడాస్ బూట్లు తయారుచేస్తున్నారు. అనకాపల్లి జిల్లా అచ్యుతాపురంలో విదేశీ కంపెనీల లోదుస్తులు కుట్టేది చుట్టుపక్కల పల్లెల స్త్రీలే. 2022 జూన్‌లో ఒకసారి, ఆగస్టులో మరోసారి అక్కడ విషవాయువు పీల్చి వందల మంది స్త్రీలు వాంతులతో, ఊపిరాడక ఆస్పత్రుల పాలయ్యారు. రెండు నెలల వ్యవధిలో ఒకే చోట రెండుసార్లు. మొదటి ప్రమాదానికీ రెండో ప్రమాదానికీ మధ్య పని ఎందుకు ఆగదో మనకు తెలుసు. షిప్‌మెంట్ తేదీ ఆగదు కనుక.

ఫ్యాక్టరీ గోడల లోపలయినా లెక్క ఉంటుంది. గోడ బయట అదీ లేదు. తమిళనాడులోని ఆంబూరు, వాణియంబాడి ప్రాంతాల నుంచి తోలు బూట్లు యూరప్‌కు ఎగుమతి అవుతాయి. ఆ బూట్ల పైభాగాన్ని చేత్తో కుట్టే పని ఇళ్ళకు వెళుతుంది. వంట చేసి, పిల్లల్ని బడికి పంపి, గుమ్మంలో కూర్చుని కుట్టే స్త్రీలకు జతకు ముట్టేది పది రూపాయలకు అటూ ఇటూ అని పదేళ్ళ క్రితం అక్కడి సంస్థలు చేసిన పరిశీలనల్లో బయటపడింది. సూది, దారం, దీపం, ఇల్లు ఆమెవే. ఫ్యాషన్ మారి ఆ రకం బూటు ఆగిపోతే పని ఆగిపోయిందని చెప్పేవాడు కూడా ఉండడు, సంచి రావడం ఆగిపోతుంది, అంతే. ఇంటి దగ్గర పనిచేసేవాళ్ళ హక్కుల కోసం అంతర్జాతీయ కార్మిక సంస్థ 1996లో 177వ ఒడంబడికను ఆమోదించింది. మన ప్రభుత్వం దానిపై సంతకం పెట్టలేదు.

త్వరకు మనుషుల ప్రాణాలు బలి కావడం కొత్త కాదు. 1911 మార్చి 25న న్యూయార్క్‌లో ట్రయాంగిల్ అనే జాకెట్ల ఫ్యాక్టరీ తగలబడి 146 మంది చనిపోయారు. అందులో 123 మంది స్త్రీలు, చాలామంది వలస వచ్చిన పేద కుటుంబాల పిల్లలు. బయటికి వెళ్ళే తలుపుకు తాళం వేసి ఉంది. వాళ్ళు కుట్టేది ఆ రోజుల్లో ఉద్యోగాలకు వెళ్ళే స్త్రీలు మోజుపడ్డ జాకెట్టునే. ఒక స్త్రీ స్వేచ్ఛకు గుర్తుగా తొడుక్కున్న బట్టను మరో స్త్రీ తాళం వేసిన గదిలో కుట్టింది. నూటరెండేళ్ళ తరువాత, 2013 ఏప్రిల్ 24న బంగ్లాదేశ్‌లో రాణాప్లాజా కూలింది. 1,134 మంది చనిపోయారు. ముందు రోజే గోడలు బీటలు వారాయి. కింది అంతస్తులోని బ్యాంకు తన ఉద్యోగులను ఇంటికి పంపేసింది. పై అంతస్తుల్లో బట్టలు కుట్టేవాళ్ళను మాత్రం జీతం కోస్తామని బెదిరించి లోపలికి తోలారు. బీటలు అందరికీ కనిపించాయి. ఎవరి ప్రాణం ఆగగలదు, ఎవరి ప్రాణం ఆగకూడదు అన్నది మాత్రం ముందే నిర్ణయమై ఉంది.

ప్రాణం తీసేది కూలే గోడలే కాదు. తమిళనాడు దిండిగల్ ప్రాంతంలో, విదేశీ కంపెనీలకు బట్టలు కుట్టే ఫ్యాక్టరీలో పనిచేసే ఇరవై ఏళ్ళ దళిత యువతి 2021 జనవరిలో హత్యకు గురయింది. నిందితుడు అదే ఫ్యాక్టరీ సూపర్‌వైజర్. టార్గెట్ పెట్టే అధికారం, తిట్టే అధికారం, సెలవు ఇచ్చే అధికారం ఒక మగవాడి చేతిలో పెట్టి, కింద వందల మంది పేద, దళిత ఆడపిల్లల్ని కూర్చోబెడితే లైంగిక వేధింపు ఆ ఉత్పత్తి పద్ధతిలో భాగమే అవుతుంది. అక్కడి స్త్రీలు ఊరుకోలేదు. దళిత స్త్రీల నాయకత్వంలోని తమిళనాడు టెక్స్‌టైల్ అండ్ కామన్ లేబర్ యూనియన్ పోరాడి, 2022 ఏప్రిల్‌లో దిండిగల్ ఒప్పందం సాధించింది. ఫ్యాక్టరీ యాజమాన్యమే కాకుండా అక్కడ బట్టలు కొనే హెచ్ అండ్ ఎం వంటి కంపెనీ కూడా సంతకం పెట్టవలసి వచ్చింది. కార్మికుల్లోంచే కొందరు స్త్రీలు ఫ్యాక్టరీ లోపల వేధింపులను గమనించి, ఫిర్యాదు నమోదు చేసే ఏర్పాటు అందులో ఉంది. ఫిర్యాదు చేసినందుకు ఉద్యోగం తీసేస్తే కొనుగోలు ఆగుతుంది. వ్యాపారికి అర్థమయ్యే భాష అదొక్కటే.

2016 ఏప్రిల్‌లో బెంగుళూరులో జరిగింది కూడా మరిచిపోకూడదు. భవిష్యనిధి డబ్బులో యజమాని వాటాను 58 ఏళ్ళ దాకా తీసుకోకూడదని కేంద్రం నియమం తెస్తే, గార్మెంట్ కార్మికులు లక్షకు పైగా రోడ్ల మీదికి వచ్చారు. ఎక్కువమంది స్త్రీలు. ఏ నాయకుడూ పిలవలేదు. నలభై ఏళ్ళకే కళ్ళు పోయి, నడుము పోయి పనిలోంచి వెళ్ళగొట్టబడేవాళ్ళకు 58 అంటే ఏమిటో వాళ్ళకే తెలుసు. రెండు రోజుల్లో కేంద్రం వెనక్కి తగ్గింది. అనంతపురం, చిత్తూరు వైపు నుంచి బతుకుతెరువుకు వెళ్ళిన మన పిల్లలు కూడా ఆ నగరంలో ఆ మెషిన్ల ముందు కూర్చుంటారు.

పరిస్థితి ఇప్పుడు మరింత జాగ్రత్తగా గమనించవలసి ఉంది. నాలుగు కొత్త కార్మిక స్మృతులు 2025 నవంబరు 21 నుంచి అమలులోకి వచ్చాయి. స్త్రీల అంగీకారం తీసుకుని రాత్రి షిఫ్టులు వేయవచ్చునంటున్నారు. అదే ఏడాది ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఫ్యాక్టరీల్లో రోజు పనివేళలను పది గంటలకు పెంచాలని నిర్ణయించింది. పెట్టుబడులు రావడానికే ఇదంతా అంటున్నారు. స్త్రీలకు రాత్రి పని చేసే హక్కు ఉండాలని మనమే అడిగాం. కాని ఉద్యోగం కోసం బతిమాలుకునే పిల్ల ఇచ్చే అంగీకారానికి అర్థమేమిటి? పది గంటల పనికి, రాకపోకల బస్సు రెండు మూడు గంటలు కలిపితే ఇంట్లో వంట, పిల్లలు, ముసలివాళ్ళ పని ఎవరు చేస్తారు? ఆ లెక్క ఏ స్మృతిలోనూ లేదు.

మరి కొనేవాళ్ళుగా మనం ఏం చేయాలి? చవక బట్టలు కొనడం మానేయండి అని చెప్పడం తేలిక. కాని ఆ చవక బట్ట కొనేది ఎక్కువగా మనలాంటివాళ్ళే, ఆ బట్ట కుట్టిన అమ్మాయే. పండక్కి చెల్లెలికి అయిదు వందల్లో డ్రెస్సు, తమ్ముడికి బూట్లు కొనుక్కునే పిల్లకు నీతులు చెప్పే హక్కు మనకు లేదు. పైగా ఖరీదైన బట్ట కొంటే కుట్టినవాళ్ళకు ఎక్కువ ముడుతుందన్న నమ్మకమూ లేదు. బ్రాండ్ బట్ట ధరలో కుట్టిన మనిషికి దక్కేది నూటికి రెండు మూడు రూపాయలకు మించదని కార్మిక సంఘాలు ఎంతో కాలంగా చెబుతూనే ఉన్నాయి. వేలు చూపించవలసింది కొనే ఆడపిల్ల వైపు కాదు, ధరనూ తేదీనీ నిర్ణయించేవాళ్ళ వైపు.

అందుకు మన చేతిలో కొన్ని పనిముట్లున్నాయి. నైకీ 2005లో మొదలుపెట్టి, రాణాప్లాజా తరువాత అనేక పెద్ద కంపెనీలు తమ బట్టలు, బూట్లు తయారుచేసే ఫ్యాక్టరీల జాబితాలను ప్రకటిస్తున్నాయి. మన జిల్లాలోని ఏ ఫ్యాక్టరీ ఎవరికి కుడుతోందో వాటిలో చూసి తెలుసుకోవచ్చు. జర్మనీలో 2023 జనవరి నుంచి అమలైన చట్టం ప్రకారం అక్కడి పెద్ద కంపెనీలకు సరుకు చేసే పరాయి దేశపు కార్మికుల హక్కులకు భంగం కలిగితే ఆ ప్రభుత్వానికి ఫిర్యాదు చేయవచ్చు. యూరోపియన్ యూనియన్ 2024లో ఇటువంటి చట్టమే చేసి, వ్యాపార వర్గాల ఒత్తిడికి లొంగి వాయిదాలు వేస్తూ నీరుగారుస్తూ వచ్చింది. దారులు మూసుకుపోకముందే వాటిని వాడుకోవడం నేర్చుకోవాలి.

మన డిమాండ్లు కూడా ఆ అమ్మాయి మాటల్లోంచే రావాలి. స్టైల్ మారిన ప్రతిసారీ చెయ్యి తిరిగేదాకా టార్గెట్ తగ్గించాలి, ఆ రోజుల కూలి, ఇన్సెంటివ్ తగ్గించకూడదు. లైను ఆపకుండా బాత్రూంకి వెళ్ళడానికి వీలుగా ప్రతి లైనుకూ అదనపు కార్మికులుండాలి. జిగురు, రంగు వాడే చోట ఏ రసాయనం వాడుతున్నారో తెలుగులో రాసి పెట్టాలి, గాలి పరీక్షల ఫలితాలు కార్మికులకు చూపించాలి. 2013 చట్టం ప్రకారం లైంగిక వేధింపుల కమిటీ కాగితం మీద కాక నిజంగా ఉండాలి, అందులో మెషిను మీద కూర్చునే స్త్రీలుండాలి. ఇళ్ళ దగ్గర కుట్టేవాళ్ళను కార్మికులుగా గుర్తించి కనీసవేతనం, ఇ.ఎస్.ఐ. వర్తింపజేయాలి. 177వ ఒడంబడికపైనా, పనిచోట హింసకు, వేధింపులకు వ్యతిరేకంగా 2019లో వచ్చిన 190వ ఒడంబడికపైనా కేంద్రం సంతకం పెట్టాలి. వీటిలో ఏదీ గొంతెమ్మ కోరిక కాదు.

మిత్రులకు ఒక విజ్ఞప్తి. మన సంఘాలు ఊళ్ళలో పొదుపు గుంపులతో, బస్తీల్లో కుటుంబ హింసతో ఎంతో పని చేస్తున్నాయి. కాని తెల్లవారుజామున పల్లె నుంచి ఆడపిల్లల్ని ఎక్కించుకుని, చీకటి పడ్డాక దించే కంపెనీ బస్సు దగ్గర మనం ఎంతమందిమి నిలబడ్డాం? ఆ పిల్లల హాస్టళ్ళకు ఎన్నిసార్లు వెళ్ళాం? ఆదివారం ఒక్కటే వాళ్ళకు దొరికే రోజు. ఆ రోజు బట్టలు ఉతుక్కుంటూ, తల దువ్వుకుంటూ వాళ్ళు చెప్పే మాటలు విని రాసి పంపండి. పేర్లు అక్కరలేదు, పని వివరాలు కావాలి. వచ్చే సంచికలో వాటికి చోటిస్తాం.

సమావేశం అయిపోయాక ఆ అమ్మాయి బస్సు టైమైందని లేచింది. గుమ్మం దగ్గర మాలో ఒకరి కొత్త కుర్తా అంచు పట్టుకుని, తిప్పి లోపలి కుట్టు చూసింది. "ఇది త్వరగా కుట్టింది అక్కా, దారం తెగి మళ్ళీ వేసింది చూడండి" అంది. మేము రంగు చూసి కొన్నాం. ఆమెకు కుట్టిన మనిషి కనిపించింది.